వైకింగుల మీదికి నెట్టేశాం

బీడ్ అనగానే ‘ఆంగ్ల చరిత్ర పితామహుడు’, ఆల్‌ఫ్రెడ్ అనగానే ‘ఆంగ్ల గద్య పితామహుడు’ అని రాయించేశాం. తలా రెండు మార్కులు. బీడ్ నాటి అంత చదువు ఆల్‌ఫ్రెడ్ నాటికి ఎలా చెడిందని ఏ పిల్లాడైనా అడిగితే 793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద పడ్డ సముద్రపు దోపిడీదార్లు వైకింగుల్ని చూపించి చేతులు దులుపుకున్నాం. తెలుగు కాలేజీల్లో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే మా అందరిదీ ఇదే వరస.

దాడులు జరిగిన మాట నిజమే. కానీ ఆ పెద్దలిద్దరూ తప్పంతా పైవాళ్ల మీద వేయలేదు. తమవాళ్లనే బోనెక్కించారు. ఆ పేజీలు మేం తిప్పనేలేదు.

బీడ్ ఏడేళ్లప్పుడే మఠంలో చేరాడు. 674లో వేర్‌మత్ మఠానికీ, తర్వాత దాని జంట మఠం జారోకూ నార్తంబ్రియా రాజు ఎగ్‌ఫ్రిత్ భూములిచ్చాడు. ఆ రాబడి మీదే అక్కడ చదువు నిలిచింది. అక్కడ రాసిన లాటిన్ బైబిల్ ఒకటి ఇప్పటికీ ఫ్లారెన్స్‌లో ఉంది. బరువు సుమారు 34 కిలోలు. దాన్ని పోపుకు సమర్పించాలని 716లో బయల్దేరిన మఠాధిపతి చెయోల్‌ఫ్రిత్ రోము చేరకుండానే దారిలో కన్నుమూశాడు. రాజు ఇచ్చిన భూమి ఎంత పని చేస్తుందో బీడ్‌కు అంత దగ్గరగా తెలుసు. అలాంటివాడు చనిపోవడానికి కొన్ని నెలల ముందు, 734లో, యార్క్ బిషప్పుకు ఘాటైన ఉత్తరం రాశాడు. దొరలు మఠం పేరు చెప్పి రాజుచేత భూములు రాయించుకుంటున్నారు, వాటిలో పెళ్లాం పిల్లలతో కాపురం పెడుతున్నారు, ఆ పత్రాలను బిషప్పులే ఖరారు చేస్తున్నారు, రాజ్యాన్ని కాపాడాల్సిన కుర్రాళ్లకు ఇవ్వడానికి నేల మిగలడం లేదు అని. లిండిస్‌ఫార్న్ దాడికి అప్పటికింకా 59 ఏళ్లుంది.

ఆల్‌ఫ్రెడ్ 871లో వెసెక్స్ రాజయ్యాడు. 890 ప్రాంతంలో పోప్ గ్రెగరీ గ్రంథాన్ని ఇంగ్లీషు చేస్తూ రాసిన ముందుమాటలో, తాను గద్దెనెక్కేనాటికి థేమ్స్‌కు దక్షిణాన లాటిన్ అర్థమయ్యే మనిషి ఒక్కడైనా గుర్తుకు రావడం లేదన్నాడు. అంతకన్నా చేదు మాట ఇంకోటుంది. చర్చిలు తగలబడక ముందే, వాటి నిండా పుస్తకాలున్నప్పుడే, అక్కడివాళ్లకు వాటిని చదవడం రాదట! ఆయన ఎథెల్నీలో మఠం కట్టిస్తే చేరడానికి స్థానికులు ముందుకు రాలేదు. పరదేశపు సన్యాసుల్ని తెచ్చిపెట్టాల్సి వచ్చింది. వాళ్లలో ఇద్దరు తమ మఠాధిపతినే చంపించాలని పన్నాగం పన్నారు. జనం మఠాలకు దూరం కావడానికి దాడులు కారణమా, ముదిరిన సంపద కారణమా అని తర్కించిన ఆయన జీవితకారుడు ఆసర్ సంపద వైపే మొగ్గాడు.

ఇవన్నీ మాకు అందుబాటులో లేని సంగతులు కావు. గైడులో లేవు, అంతే. పైగా, అరల నిండా పుస్తకాలుండీ చదవని గురువుల కథ క్లాసులో ఎత్తితే పిల్లలు మా లైబ్రరీ వైపు చూస్తారు. వైకింగులైతే ఆ ఇబ్బంది లేదు.

తోటి మాస్టార్లకు ఒక్క మనవి. ఆల్‌ఫ్రెడ్ ముందుమాట నాలుగైదు పేజీలకు మించదు, నేటి ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. ఈ ఏడాది బిరుదు రాయించే ముందు దాన్ని పిల్లలచేత చదివించండి.