ఇథనాల్ భరోసా రైతుకు చాలదు



ఇథనాల్ ఉన్నంతకాలం మొక్కజొన్న రైతుకు దిగులు లేదంటూ మీ పత్రికలో వచ్చిన లేఖతో నేను ఏకీభవించలేను. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం 2025లోనే నెరవేరింది. ఆ శాతం పెంచితే తప్ప గిరాకీ పెద్దగా పెరగదు. 2025-26 సరఫరా సంవత్సరానికి డిస్టిలరీలు సుమారు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామంటే, చమురు కంపెనీలు కేటాయించింది దాదాపు 1,048 కోట్ల లీటర్లే. అందులోనూ ఇథనాల్‌కు వాడే ఎఫ్‌సీఐ బియ్యంతో మొక్కజొన్నకు పోటీ.

క్వింటాలుకు రూ.2,400 మద్దతు ధర ఉన్నా, 2025 ఖరీఫ్ పంటను తెలుగు రాష్ట్రాల్లో, కర్ణాటకలో చాలాచోట్ల రూ.2,000 లోపే అమ్ముకున్నారు. డిస్టిలరీకి ఇథనాల్ పోగా మిగిలే పిప్పిని దాణాగా అమ్ముకునే వీలుంది. రైతుకు గింజ తప్ప వేరే సరుకు లేదు. పైగా ఆ దాణా కోళ్లఫారాల్లో మన గింజకే పోటీ.

కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద నీళ్లున్న రైతు కొంత తట్టుకుంటాడేమో. కర్నూలు, కడప మెట్ట రైతుకు ఆ వెసులుబాటు లేదు. కోతలు మొదలవగానే మార్క్‌ఫెడ్ కొనుగోలు కేంద్రాలు తెరవాలి. తేమ 14 శాతానికి దించే డ్రయ్యర్లు యార్డుల్లో పెట్టాలి. మొక్కజొన్న మాని, నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనంది రకం కొర్ర, జొన్న, శనగల వైపు మళ్లమనేవారు వాటి కొనుగోలుకూ పూచీ పడాలి. పంట మార్చమని చెప్పడం తేలిక. ధర నిలబెట్టడమే ప్రభుత్వం చేయాల్సిన పని.

— ఒక రైతు, నందికొట్కూరు