వాడుకకు బహుమానమా, వడ్డీకి ఆహ్వానమా?

అప్పు ఇచ్చేవాడు లేని ఊరు నివాసయోగ్యం కాదని సుమతీ శతకకారుడు తీర్మానించాడు. అప్పిచ్చేవానిని ఆయన వైద్యుని సరసన నిలిపాడు. ఆ మాటలోని లోకజ్ఞత కాదనరానిది. పంట చేతికి రాకముందు విత్తనాలకూ, జీతం అందకముందు బియ్యానికీ, పెండ్లి ముహూర్తం ముంచుకొని వచ్చినప్పుడు బట్టలకూ మనవారు అరువుపై ఆధారపడక తప్పలేదు. కనుక అరువు అనగానే ముఖం చిట్లించుకోవలసిన పనిలేదు. అయితే అరువు ఇస్తున్నది ఎవరు, ఏ షరతుపై ఇస్తున్నారు, తగవు వస్తే ఎవరిని నిలదీయాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం తెలిసినప్పుడే అది సహాయమవుతుంది. తెలియనప్పుడు ఉచ్చు అవుతుంది. నేడు పట్టణాలలోని పెద్ద విక్రయశాలలు తమ పేరు ముద్రించి అంటగడుతున్న క్రెడిట్ కార్డులను గూర్చి ఈ మూడు ప్రశ్నలు వేసి చూడవలసిన సమయం వచ్చిందని మేము భావిస్తున్నాము.

ముందుగా పాత పద్ధతిని ఒకసారి స్మరించుకొందాము. హైదరాబాదు పత్తర్‌గట్టిలోని బట్టల కొట్టయినా, గుంటూరు పట్నంబజారులోని కిరాణా దుకాణమైనా, వాడుకగా వచ్చేవారి పేర ఒక పొడుగాటి పద్దుపుస్తకం ఉండేది. తెలుగు ఇండ్లలో దానిని ఖాతా అన్నారు. ఉర్దూ ఇండ్లలో ఉధార్ అన్నారు. ఆ పద్ధతి దోషరహితమని మేము చెప్పబోవడం లేదు. ఒకటికి రెండు వ్రాసిన షావుకార్లూ, అరువు బేరానికి తూకంలోనో ధరలోనో తేడా చూపినవారూ ఆనాడు కూడా ఉన్నారు. అయినా అందులో ఒక గుణమున్నది. సరుకు ఇచ్చినవాడే అప్పు ఇచ్చాడు. అప్పు ఇచ్చినవాడే ఎదుట కూర్చున్నాడు. పద్దు తప్పయితే ఆ గడపలోనే అడగవచ్చును. వాదన పెరిగితే పక్క కొట్టువాడు మధ్యవర్తి అయ్యేవాడు. వాడుక చెడిపోతుందన్న భయం ఇరుపక్షాలకూ సమానంగా ఉండేది.

మన దేశంలో క్రెడిట్ కార్డు నిన్న మొన్నటిది కాదు. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, ఈ రంగంలో తొలి అడుగులు వేసిన బ్యాంకులలో ఒకటిగా నిలిచింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆనాటి కార్డు మీద బ్యాంకు పేరే ఉండేది. తీసుకొన్నవానికి తాను బ్యాంకుకు బాకీపడుతున్నానని తెలిసేది. ఇప్పుడు వచ్చిన దుకాణపు కార్డు తీరు వేరు. దాని మీద కంటికి ముందుగా కనిపించేది దుకాణం గుర్తు. ఇచ్చేది బిల్లు కట్టేచోట నిలబడిన మనిషి. చెప్పే మాట 'మీరు మా పాత ఖాతాదారులు, ఇది మీకు మా కానుక' అని. అప్పు మాత్రం దుకాణానిది కాదు, ఒక బ్యాంకుది. అభిమానం ఒకరిమీద, బాకీ మరొకరికి. ఈ కార్డుపై కొనుగోలుదారులలో వినవస్తున్న అసంతృప్తికి మూలమంతా ఈ చీలికలోనే ఉన్నదని మా అభిప్రాయం.

ఆ అసంతృప్తి ఏ రూపాలలో వ్యక్తమవుతున్నదో చూద్దాము. మొదటి ఏడు ఉచితమని చెప్పిన కార్డుకు రెండవ ఏడు రుసుము పడుతుంది. ఆ మాట దరఖాస్తులో ఎక్కడో చిన్న అక్షరాలలో ఉంటుంది. కూడబెట్టిన పాయింట్లు ఒక గడువు దాటగానే చెల్లకుండా పోతాయి. చెల్లిన పాయింట్లను కూడా ఆ దుకాణంలోనే, ఇంత మొత్తానికి మించి కొన్నప్పుడే వాడుకోవలెనన్న షరతు ఉంటుంది. వస్తువు నచ్చక తిరిగి ఇచ్చినప్పుడు రావలసిన సొమ్ము గడువు తేదీలోగా జమపడదు. వడ్డీ మాత్రం గడువు తప్పకుండా పడుతుంది. కార్డు వద్దు, మూసివేయండి అని కోరితే ఫోనులో ఒకరి తరువాత ఒకరు మాట్లాడి క్రొత్త కానుకలు ఆశ చూపుతారే గాని మూసివేయరు. దుకాణంవారిని అడిగితే అది బ్యాంకు విషయమంటారు. బ్యాంకువారిని అడిగితే పాయింట్ల సంగతి దుకాణానిదంటారు. కొనుగోలుదారు ఇద్దరి మధ్య పోకచెక్క అవుతాడు.

కానుక విలువ ఎంత, దాని వెల ఎంత అన్నది లెక్క వేసి చూడవలసిన విషయం. ఒక గృహస్థు పండుగకు 10,000 రూపాయల బట్టలు కార్డుపై కొన్నాడనుకొందాము. వంద రూపాయలకు ఒక పాయింటు, పాయింటు విలువ పావలా అనుకొంటే అతనికి దక్కే బహుమానం 25 రూపాయలు. గడువులోగా మొత్తం కట్టలేక ఆ బాకీ నిలిచిపోయిందనుకొందాము. ఇటువంటి కార్డులపై నెలకు మూడున్నర శాతం వడ్డీ అరుదు కాదు. ఆ లెక్కన ఒక నెలకు 350 రూపాయలు. దానిపై 18 శాతం జి.ఎస్.టి. 63 రూపాయలు, వెరసి 413. అతడు బిల్లులో కనిపించిన 'కనీస మొత్తం' 500 రూపాయలు కట్టి ఊపిరి పీల్చుకొన్నాడనుకొంటే, అసలుకు జమ అయ్యేది 87 రూపాయలు మాత్రమే. ఇక ఏమీ కొనక, నెలనెలా ఆ 500 కడుతూ పోయినా బాకీ 44వ నెలలో గాని తీరదు. అప్పటికి అతడు కట్టినది సుమారు 21,600 రూపాయలు. పావలా పాయింట్ల కోసం బట్టల ఖరీదును రెండింతలు మించి చెల్లించినట్లయింది. ఇందులో మోసం లేదు. అన్నీ కాగితం మీద ఉన్నవే. కాగితం చదివినవారే లేరు.

నియమాలు లేకపోలేదు. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న వెలువరించిన నిబంధనలలో కొనుగోలుదారుకు అండగా నిలిచే అంశాలు అనేకమున్నవి. కోరకుండా కార్డు ఇచ్చి సొమ్ము వసూలు చేస్తే, ఆ సొమ్మును రద్దు చేయడమే గాక దానికి రెండింతలు పరిహారంగా ఇవ్వవలెనన్నది. బాకీ లేని కార్డును మూసివేయుమని కోరితే 7 పనిదినాలలో మూసివేయవలెననీ, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు చెల్లించవలెననీ శాసించింది. వడ్డీ, రుసుములు వివరించే ఒక పుట పత్రాన్ని దరఖాస్తుతో పాటే ఇవ్వవలెనన్నది. మరీ ముఖ్యంగా, దుకాణం పేరుతో ఇచ్చే కార్డును ఆ దుకాణం తన సొంత సరుకుగా ప్రచారం చేసుకోరాదనీ, ప్రచారంలో బ్యాంకు పేరు స్పష్టంగా కనబడవలెననీ చెప్పింది. అనగా మేము పైన పేర్కొన్న చీలికను రిజర్వు బ్యాంకు కూడా గుర్తించిందన్నమాట.

వడ్డీ శాతం మాటేమిటన్న ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్లింది. గడువు తప్పినవారినుండి సాలుకు 30 శాతానికి మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపారమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. పదహారేండ్ల తరువాత, 2024 డిసెంబరు 20న, సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అటువంటి నిర్ణయం ఆ కమిషన్ అధికార పరిధిలోనిది కాదన్నది. వడ్డీ మితిమీరరాదని రిజర్వు బ్యాంకు చెప్పినదే గాని, మితమెంతో అంకెలో చెప్పలేదు. కాగా నేటికి కొనుగోలుదారుకు ఉన్న తొలి రక్షణ అతని స్వంత జాగ్రత్తే.

'ఎవరు బలవంతపెట్టారు? గడువులోగా కట్టేవానికి లాభమే గదా' అని కార్డు పక్షాన వాదించేవారున్నారు. ఆ వాదంలో సగం సత్యమున్నది. ప్రతి నెలా మొత్తం బాకీ తీర్చేవానికి నెల పైబడి వడ్డీ లేని వెసులుబాటు దొరుకుతుంది. రెండు రూపాయల తగ్గింపూ దొరుకుతుంది. ఆ మేరకు మేము కాదనము. కాని అంగీకారం అన్న మాటకు ఒక అర్థమున్నది. రంజాను నెలలోనో సంక్రాంతికి ముందో, చంకలో బిడ్డ, చేతిలో సంచులు, వెనుక పదిమంది వరుస, ఆ స్థితిలో ఫోనుకు వచ్చిన ఆరంకెలను చదివి వినిపించడం అంగీకారమా? తెలుగో ఉర్దూయో మాత్రమే చదవగల తల్లికి ఆంగ్లంలో అచ్చయిన షరతుల పత్రం చూపించడం వివరణ అవుతుందా? షరతులు స్పష్టమైన సులభశైలిలో, వీలయినంతవరకు స్థానిక భాషలో కూడా ఉండవలెనని ఆ 2022 నిబంధనలే కోరాయి. ఆ 'వీలయినంతవరకు' అన్న సందులో నుండి తెలుగూ ఉర్దూ రెండూ జారిపోయాయి.

ఈ సందర్భంలో పవిత్ర ఖురాను గ్రంథంలోని ఒక విషయాన్ని మన విద్యార్థులకు గుర్తుచేయడం అప్రస్తుతం కాదు. ఆ గ్రంథంలోని వాక్యాలన్నిటిలో మిక్కిలి పొడవైనది అప్పును గూర్చినది. అది అల్ బఖరా అధ్యాయంలోని 282వ వాక్యం. గడువు పెట్టిన అప్పును వ్రాసుకొనవలెనని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయవలెనని, సాక్షులుండవలెనని అందులో ఆదేశమున్నది. అంతకంటె ఆలోచింపదగిన అంశం మరొకటున్నది. పత్రాన్ని చెప్పి వ్రాయించవలసినవాడు అప్పు ఇచ్చినవాడు కాదు, పుచ్చుకొన్నవాడు. అతడు చెప్పలేని స్థితిలో ఉంటే అతని పక్షాన సంరక్షకుడు చెప్పవలెను. బలహీనుని నోటికి అంత గౌరవమిచ్చిన సంప్రదాయానికి వారసులమైన మనము, మన బాకీ పత్రాన్ని చెప్పి వ్రాయించుట అటుంచి, చదవనైనా చదవకుండా ఒప్పుకొంటున్నాము. గడువులోగా కట్టే ఉద్దేశంతో ఇటువంటి కార్డు తీసుకొనడం ధర్మసమ్మతమా కాదా అన్నది ఉలమాలు తేల్చవలసిన విషయం. ఆ చర్చలోకి మేము దిగము. వడ్డీకి భయపడే ఇంటిలోకి వడ్డీ కానుక వేషంలో ప్రవేశిస్తున్నదన్నది మాత్రం కంటికి కనబడే సత్యం.

విద్యార్థి లోకానికి ఈ విషయం మరింత దగ్గరిది. పట్టా పుచ్చుకొన్న మన పిల్లలలో కొందరికి తొలి కొలువు దొరికేది ఈ విక్రయశాలలలోనే. రోజుకు ఇన్ని దరఖాస్తులు నింపించవలెనన్న లక్ష్యం వారి మెడమీద ఉంటుంది. అడిగినవారికి రెండవ ఏటి రుసుము సంగతి చెబితే దరఖాస్తు తప్పిపోతుంది. చెప్పకపోతే మనస్సాక్షి గుచ్చుతుంది. మనవారే బల్లకు ఇవతలా అవతలా నిలబడుతున్నారు. ఇక తీసుకొన్నవారి సంగతి. పట్టించుకోని ఒక చిన్న రుసుము బాకీగా నిలిచి, రుణచరిత్రలో మచ్చగా నమోదై, తరువాత చదువు అప్పుకో ఇంటి అప్పుకో అడ్డు తగలవచ్చును. ఆ నమోదు తప్పయితే సరిచేయించుకొనే హక్కున్నది. ఫిర్యాదు చేసిన 30 రోజులలోగా సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారమన్న నియమం 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోకి వచ్చింది. హక్కు ఉన్నదని తెలియనివానికి ఆ హక్కు లేనట్లే.

కనుక విద్యార్థులకు మా మనవి ఇది. కార్డు ఇస్తామన్నవారిని ముందుగా బ్యాంకు పేరు అడగండి. ఒక పుట వివరణ పత్రం అడగండి. రెండవ ఏటి రుసుము, మూసివేసే విధానం అడగండి. ఇంటికి తీసుకుపోయి చదివిన తరువాతనే ఒప్పుకొనండి. వివాదం వస్తే దుకాణంతో మాట్లాడి ఊరుకొనక బ్యాంకుకు లిఖితపూర్వకంగా వ్రాయండి, ఫిర్యాదు సంఖ్య దాచుకొనండి. 30 రోజులలో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తికరంగా లేకపోయినా, రుసుము లేకుండానే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది; 5 లక్షల రూపాయలు మించని వ్యవహారానికి అక్కడ కూడా రుసుము లేదు. వినియోగదారుల సహాయ ఫోను సంఖ్య 1915.

కళాశాల పాలకవర్గానికి ఒక సూచన చేసి విరమిస్తాము. మన కళాశాలలో వాణిజ్యశాస్త్ర శాఖ ఉన్నది, తెలుగు శాఖ ఉన్నది, ఉర్దూ శాఖ ఉన్నది. ఈ మూడు శాఖల విద్యార్థులు కలిసి ఏటా ఒక కార్డు షరతుల పత్రాన్ని రెండు భాషలలోకి తర్జుమా చేసి గ్రంథాలయపు గోడకు అంటించే ఏర్పాటు చేయవలెను. వారానికి ఒక మధ్యాహ్నం ఇరుగుపొరుగువారు తమ బిల్లులు తెచ్చి చదివించుకొనే అవకాశం కల్పించవలెను. దీనికి కావలసినది ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఇద్దరు అధ్యాపకులు. అప్పు పత్రం చెప్పి వ్రాయించుకొనే శక్తి లేనివాని పక్షాన సంరక్షకుడు నిలబడవలెనన్న ఆదేశాన్ని పాటించడానికి చదువుకొన్నవారికి ఇంతకంటె సులభమైన మార్గం మాకు తోచడం లేదు.