కూర్చుండుటకు తగిన చోటు



2021లో తమిళనాడు శాసనసభ దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరించి, సంస్థల ఆవరణలో ఉద్యోగులందరికీ తగిన ఆసనాలు ఉండవలెనని శాసించింది. కేరళలో 2018లోనే ఈ ఏర్పాటు జరిగింది. పొద్దస్తమానం నిలుచుండే బట్టలకొట్టు పిల్లలకు అది మేలే. కాని పొద్దస్తమానం కూర్చుండేవారి సంగతేమి?

మా అమ్మాయి కంప్యూటరు ఉద్యోగిని. 2020 మొదలు ఇంటినుండే పని. కంపెనీవారు ల్యాప్‌టాప్ ఇచ్చినారు. బల్లా కుర్చీ మావి, అనగా భోజనాల బల్ల. రెండేండ్లకు మెడ పట్టుకున్నది. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు అతుక్కొని ఉండుటే చిక్కు. కీబోర్డు మోచేతి ఎత్తున పెడితే తెర క్రిందికి పోయి మెడ వంగుతుంది. తెరను కంటి ఎత్తుకు లేపితే భుజాలు లేస్తవి. ఐరోపావారు 1990 నాటి ఆదేశంలోనే కీబోర్డు తెరనుండి విడిగా ఉండవలెననీ, కుర్చీ ఎత్తు మార్చుకొనే వీలుండవలెననీ, పనికి నడుమ విరామం ఉండవలెననీ వ్రాసినారు.

మా తాతగారిది గుంటమగ్గం. గుంట లోతు ఆయన కాళ్ల కొలతకే త్రవ్వినారు. (నడుము నొప్పి ఆయనకూ ఉండేదనుకోండి.)

మన సవరణలో ‘తగిన’ అనుటకు కొలత లేదు. పైగా ఆవరణ అన్నారు గనుక ఇల్లు లెక్కకు రాదు. దినమంతా పనికి ల్యాప్‌టాప్ ఇచ్చేవారు విడి కీబోర్డు, ఎత్తుపీట కూడా ఇవ్వవలెనని కార్మికశాఖవారు ఒక నిబంధన చేర్చరాదా? ల్యాప్‌టాప్ వెలలో అది ఏపాటి? మేము ఇప్పటికి విడి కీబోర్డు కొని, ల్యాప్‌టాప్ క్రింద పాత పంచాంగాలు పేర్చినాము.

సేలం
— ఒక తండ్రి