తీగల కల్తీ చెవికి తెలియునా?

సంపాదకులు గారికి,



మైకు సెట్ల వ్యాపారమున ప్రబలిన నకిలీ తీగలను గూర్చి ఇటీవల మీ పత్రికలో ఒక పాఠకుడు వ్రాసిన లేఖను శ్రద్ధగా చదివితిని. పేరుపొందిన సంస్థల ముద్రలు వేసిన దొంగసరకు రాయలసీమ పట్టణములలో నిరాటంకముగా అమ్ముడుపోవుచున్నదనియు, అది కొనువారికిని, నిజాయితీగా తయారుచేయువారికిని సమానముగా ద్రోహమనియు వారు చెప్పినదానితో నాకెట్టి విప్రతిపత్తియు లేదు. కాని నకిలీ తీగను విన్నంతమాత్రమున గుర్తింపవచ్చుననియు, దాని గుండ వచ్చిన గాత్రమునకు మాధుర్యము నశించుననియు వారు చేసిన నిర్ణయము మాత్రము నాకు సమ్మతము కాదు. నకిలీ తీగ యొక్క దోషము దాని లోహమునందును, కట్టుబడియందును ఉన్నది. దానిని చెవితో తీర్పరింపబూనుట వలన మేలు కలుగునది కల్తీ వ్యాపారికే యని నా వాదము.

మన ప్రాంతమున ధ్వని సామగ్రి కావలసినవారు కర్నూలునుండి హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకిని, కడపనుండి మద్రాసు రిచీ వీధికిని పోయి తెచ్చుకొందురు. ఆ ప్రయాణపు ఖర్చు భరింపలేనివారు ఊరి అంగడిలోనే కొందురు. అచట వేయి రూపాయల సరకని పేరుపడిన మైకు తీగ మూడు వందలకే చేతికి వచ్చును. "కంపెనీ మాలే సార్, ఫస్ట్ కాపీ, యాడికి పోయినా ఈ రేటుకి దొరకదు" అని అంగడివాడు పరస్పర విరుద్ధములైన రెండు మాటలను ఒకే ఊపిరిలో పలుకును. కొనువాడు రెంటిని నమ్మును.

అట్టి తీగను బ్లేడుతో నిలువునా కోసి చూచినవారికి దాని చరిత్ర యంతయు తెలియును. పైతొడుగు చిటికెనవ్రేలంత లావు; దానిపై ముద్రించిన సంస్థ పేరు గోటితో గీచినంతనే లేచిపోవును. లోపల లావు కొరకు కూరిన నూలుపోగులు, కాగితపు పేలికలు, వాని నడుమ మిక్కిలి సన్నని రెండు తీగలు, కొన్నిట ఒక్కటే తీగ. చుట్టును వలగా అల్లవలసిన రాగి కవచమునకు బదులు నాలుగైదు పోగులు ఒక ప్రక్కగా పడియుండును. ఆ పోగును బ్లేడు అంచుతో గీచినచో పైన ఎరుపు, లోపల తెలుపు. అది రాగిపూత గల అల్యూమినియము. దాని విద్యుద్వాహకత రాగిలో మూడింట రెండు పాళ్ళకు కొంచెము తక్కువగానే ఉండును. అయస్కాంతమునకు అంటుకొన్నచో అది ఇనుము. అట్టిదానిని గూర్చి చెప్పవలసినదే లేదు. పైపూత గీచుకొనిపోయిన అల్యూమినియమునకు సోల్డరు సరిగా పట్టదు. పదేపదే చుట్టి విప్పుచుండగా పిన్ను మొదట అది పుటుక్కున తెగును. మన వేసవి యెండకు నాసిరకపు ప్లాస్టిక్ తొడుగు జిగటయెక్కుటయో, బీటలువారుటయో తథ్యము.

ఇన్ని దోషములున్న వస్తువు వినికిడిలో దొరకిపోదా యని పాఠకులు అడుగవచ్చును. ముందుగా స్పీకరు తీగ గణితము చూడుడు. ఆంప్లిఫయరునుండి సౌండు బాక్సునకు ఇరువది మీటర్ల దూరము. బాక్సు 8 ఓములది. తీగ అడ్డుకోత వైశాల్యము 0.2 చదరపు మిల్లీమీటర్లు. అది అసలు రాగియే యైనను రానుపోను తీగ నిరోధము సుమారు 3.4 ఓములగును. అనగా బాక్సునకు చేరవలసిన శక్తిలో సగమునకు పైగా నష్టము. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగయైనచో పోవునది నూటికి ఏడు మాత్రమే. ఇంత అంతరమున్నను చెవికి వినబడునది "కొంచెము తగ్గినది" అన్న భావమే. శక్తి సగమైనంత మాత్రమున ధ్వని సగమైనట్లు మానవ శ్రవణేంద్రియమునకు తోచదు. మైకు సెట్టువాడు వాల్యూము బిళ్ళను కొంచెము త్రిప్పును, తీగ వేడెక్కును, సభ సాగిపోవును. (జాతరలలో చెట్లకు కట్టు హారన్లు నూరు వోల్టుల లైనుపై నడచునవి గనుక వానికి ప్రవాహము తక్కువ, సన్నని తీగ కూడ సరిపోవును. అచటగూడ లావు తీగ కావలెనని బెదరించి అమ్మువారున్నారు.)

మా వీధి భజనమందిరమున ఈ విషయమై ఒక పరీక్ష జరిగినది. ఒక అసలు మైకు తీగను, ఒక నకిలీ తీగను గుడ్డతో చుట్టి, తెరవెనుక ఒకరు మార్చుచుండగా హార్మోనియము వాయించువారును, పద్యనాటకములలో ఆరితేరినవారును, మైకు సెట్టు యజమానియు ఎదుట కూర్చుండి వినిరి. తీగ పొట్టిదిగా ఉన్నంతవరకు, ఏది అసలో ఏది నకిలీయో ఎవ్వరును నిలకడగా చెప్పజాలకపోయిరి. అంతకుముందు తీగలు కంటికి కనబడుచున్నపుడు మాత్రము అందరును అసలుదానినే మెచ్చిరి. పిమ్మట ఆ తీగలను పొడవుగా సాగదీసి, ట్యూబులైట్లకు పోవు కరెంటు వైరు ప్రక్కన పరచితిమి. అంతట కవచములేని నకిలీ తీగ 'గుయ్యి'మని మ్రోగుటతో, పిల్లలుకూడ దానిని పట్టిరి. ఇందులో మాయ లేదు. మూడు పిన్నుల మంచి తీగలో రెండు తీగలు గాత్రమును ఎదురెదురు దిశలలో మోయును. బయటి రొద రెంటిలోను సమానముగా చేరును గనుక మిక్సరులో అది కొట్టివేయబడును. నకిలీవాడు ఒక తీగ మిగుల్చుకొనుటకు మూడవ పిన్నును మొదటిదానితో కలిపివేయును. ఇక 50 హెర్ట్‌జ్‌ల కరెంటు రొదకు అడ్డేమున్నది?

అమెరికాలో స్టీరియో రివ్యూ అను పత్రిక 1983లో ఇట్టి పరీక్షనే స్పీకరు తీగలపై జరిపినది. మిక్కిలి సన్నని తీగకును లావుతీగకును గల భేదమును శ్రోతలు గుర్తింపగలిగిరి. కాని సాధారణపు లావుతీగకును, మాన్‌స్టర్ అను ఖరీదైన తీగకును సంగీతము వినుచు భేదము చెప్పజాలకపోయిరి. కాబట్టి నకిలీని నిందించు మనము వేలకొలది రూపాయల "అసలు" తీగకు దండము పెట్టనక్కరలేదు. అసలు సంస్థవారు తీగలో నాదమాధుర్యము నింపితిమని చాటుటవల్లనే గదా, నకిలీవానికి దొంగిలించుటకు ఒక పేరు దొరకినది.

చెవికి గల ఔదార్యమును మన సీమవారికి వేరుగా చెప్పవలయునా? 1963లో కడప ఆకాశవాణి కేంద్రము వెలసిన నాటినుండి మధ్యతరంగములపై అన్నమాచార్య కీర్తనలను విని పరవశించినవారము. ఆ ప్రసారము ఇంటి రేడియోలో చేరునప్పటికి సుమారు 5,000 హెర్ట్‌జ్‌లకు పైనున్న ధ్వనులు దాదాపు లుప్తమగుచుండెను. అయినను కీర్తన కీర్తనగనే వినబడెను. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున మొదలైన నాటక సమాజము మైకు సెట్టు అను వస్తువు పుట్టకమునుపే కడపటి వరుసకు వినిపించునట్లు పాడినది! అట్టి చెవులతో రాగియేదో అల్యూమినియమేదో తేల్చెదమనుట సాహసము. ప్రొద్దుటూరి బంగారపు అంగళ్ళలో గాజుల గలగల విని మేలిమిని నిర్ణయించువాడెవడును లేడు. గీటురాయియు త్రాసును కావలెను. తీగకు మల్టీమీటరు, బ్లేడు, అయస్కాంతము ఆ పని చేయును.

నాకు తోచిన ఉపాయము చౌకయైనది, క్రొత్తది కాదు. మంచి రాగితీగను మీటర్ల లెక్కను కొని, పిన్నులు వేరుగా తెచ్చి, రేడియో రిపేరు నేర్చినవానిచేత సోల్డరు చేయించినచో, ఏ ముద్రయు లేని ఆ తీగ అసలుదానికి తీసిపోదు. ధరలో నకిలీదానికి మిక్కిలి దూరమును కాదు. తెగినపుడు ఆ మనిషియే మరల అతుకును.

ఇక చట్టము. 1999నాటి ట్రేడ్ మార్కుల చట్టము ప్రకారము అన్యుల ముద్రను దొంగిలించి అమ్మువానికి ఆరు నెలలకు తక్కువ కాని, మూడేండ్లవరకు పెరుగగల కారాగారమును, యేబదివేలనుండి రెండు లక్షల రూపాయలవరకు జరిమానాయును కలవు. 2019నాటి వినియోగదారుల చట్టము క్రింద ఐదు లక్షల రూపాయలలోపు కొనుగోళ్ళకు జిల్లా కమిషనులో ఫిర్యాదు రుసుమే లేదు. 1915 అను నంబరునకు ఫోను చేసినను వినువారున్నారు. కాని "శబ్దము బాగుగా లేదు" అను ఫిర్యాదు ఎచటను నిలువదు. "రాగియని చెప్పి అల్యూమినియము అమ్మినాడు" అనునది నిలుచును. అందులకు బిల్లు కావలెను, బిల్లుపై ఆ మాట ఉండవలెను.

కావున దేవళముల ఉత్సవ కమిటీలవారును, ఉరుసు నిర్వాహకులును, నాటక సమాజములవారును, సౌండు సర్వీసువారును ఇకమీదట తీగ కొనునపుడు లోహమేదో, అడ్డుకోత వైశాల్యమెన్ని చదరపు మిల్లీమీటర్లో, కవచము అల్లినదా కాదా యను మూడు మాటలను బిల్లుపై వ్రాయించుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాను. వ్రాయనన్న అంగడిలో కొనవలదు.

ఇట్లు,
ఒక నాటకాభిమాని,
కర్నూలు