సిమెంటు కంపెనీల విలీనములు



సిమెంటు కంపెనీలు ఒకదానినొకటి కొనుచున్న ఈ రోజులలో, వానిని పరీక్షించి అనుమతి ఇయ్యవలసిన కేంద్ర పోటీ కమిషనువారికి మీ పత్రిక ద్వారా రెండు మాటలు మనవి చేయదలచితిని.

మా ప్రాంతమున ఇల్లు కట్టినవారిలో ఇండియా సిమెంట్సు పేరు విననివారు అరుదు. 1963లో ఆ కంపెనీ శంకరిలో కర్మాగారము పెట్టినప్పుడు మా ధర్మపురియు సేలము జిల్లాలోనిదే. 2024 డిసెంబరులో కమిషనువారి అనుమతి పొంది ఆ కంపెనీ అల్ట్రాటెక్ వారి చేతిలోనికి పోయినది. తాడిపత్రి దగ్గరి పెన్నా సిమెంటును కూడ అదే సంవత్సరము అదానీల అంబుజా కంపెనీ సుమారు 10,422 కోట్ల రూపాయల విలువకు కొన్నది. ఇండియా సిమెంట్సు కర్మాగారములు కడప జిల్లాలోను, తెలంగాణములోను ఉన్నవి గనుక ఇది ఇచ్చటి తెలుగువారికే గాక అచ్చటి బంధువులకును తగులు సంగతి.

ఇండియా సిమెంట్సు మీద జాలిపడి నేను వ్రాయుట లేదు. 1998లో అది బి.వి. రాజుగారి రాశీ సిమెంటును ఇట్లే మ్రింగినది. దీనివలన పోటీ తగ్గునా అని ముందుగా అడుగు అధికారి అప్పుడు లేడు. 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టములో విలీనమునకు ముందనుమతి కావలెనను భాగమును 1991లో తీసివేసిరి. 2002 నాటి పోటీ చట్టములో విలీనముల సెక్షన్లు అమలునకు వచ్చినది 2011 జూనులో. ఇరువదేండ్లు వాకిలి ఉన్నది, తలుపు లేదు.

2012లో కమిషనువారే పదకొండు సిమెంటు కంపెనీలపై, కూడబలుకుకొని సరఫరా తగ్గించి ధర పెంచిరని, 6,000 కోట్లకు పైగా జరిమానా విధించిరి. అల్ట్రాటెక్, అంబుజా, ఇండియా సిమెంట్సు మూడును అందులో ఉన్నవి. ట్రిబ్యునలు 2015లో దానిని కొట్టివేసినది; 2016లో కమిషను మరల జరిమానా వేసినది; 2018లో ట్రిబ్యునలు ఖాయపరచగా కంపెనీలు సుప్రీము కోర్టుకు పోయినవి. ఒక్క జరిమానాకు ఇంత తిరుగుడు. ఇద్దరు వర్తకులు చాటుగా కూడి ధర నిర్ణయించుకొన్నచో నేరము. ఆ ఇద్దరును ఒక్కరే అయినచో కూడబలుకుకొను పనియే లేదు, పట్టుకొనుటకు సాక్ష్యమును ఉండదు. కనుక విలీనమునకు ముందు చేయు పరీక్షయే అసలు పరీక్ష.

ఆ పరీక్ష దేశమంతటి లెక్కతో చేసిన ప్రయోజనము లేదు. సిమెంటు బరువు సరుకు. దూరము పోయిన కొలది లారీ బాడుగ సరుకు ధరను మించిపోవ చూచును. గుజరాతులో పది కంపెనీలు పోటీపడిన మా పెన్నాగరము మేస్త్రీకి ఏమి లాభము? 500 బస్తాలు పట్టు ఇంటికి బస్తాకు 20 రూపాయలు పెరిగిన 10,000 రూపాయలు. కమిషనువారికి ఇది తెలియని సంగతి కాదు. లాఫార్జ్, హోల్సిమ్ కంపెనీలు కలియునప్పుడు తూర్పు రాష్ట్రములలో పోటీ తగ్గునని, జోజోబేరా, సోనాడీ కర్మాగారములను అమ్మివేయవలెనని 2015లో షరతు పెట్టిరి. దక్షిణాదిన వచ్చు ప్రతి విలీనమునకును ఆ కొలబద్దనే పెట్టవలెను.

నేను తాలూకా కచేరీలో చేరిన క్రొత్తలో సిమెంటు పర్మిటు దరఖాస్తులు నా బల్ల మీదికే వచ్చెడివి. పది బస్తాలకొరకు పెద్దమనుష్యులు వసారాలో పడిగాపులు పడుట చూచితిని. ఆ రోజులు మరల రావలెనని ఎవడును కోరడు. 1982లో కొంత, 1989లో పూర్తిగా కంట్రోలు ఎత్తివేసినది పోటీయే ధరను అదుపులో నుంచునను నమ్మకము మీదనే గదా! ఆ పోటీయు పోయినచో కంట్రోలు సర్కారు చేతినుండి కంపెనీ చేతికి మారినదనియే లెక్క.

అనుమానము గల విలీనములపై ప్రజల అభ్యంతరములు పిలుచుటకు చట్టములో వీలున్నది. గడువు కొద్ది దినములే. ఆ ప్రకటనను తెలుగు, తమిళ దినపత్రికలలో వేయించి, ఒక ప్రతిని ప్రతి కలెక్టరు కచేరీకి పంపవలెను. నోటీసు బోర్డుకు ఒక కాగితము అంటించుటకు ఎంత ఖర్చగునో గుమాస్తాగిరి చేసిన నాకు తెలియును.

ధర్మపురి
— ఒక విశ్రాంత గుమాస్తా