దైవకణం: పేరుకు జరిగిన సంబరం

కోనసీమలో గౌతమి పక్కన ఉన్న ముక్తేశ్వరంలో శివుడికి క్షణ ముక్తేశ్వరుడని పేరు. క్షణంలో ముక్తినిస్తాడని భక్తుల నమ్మకం. ఆ క్షణాన్ని ఒక సెకను అనుకుందాం. దాన్ని కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ కోటి చేసి, అందులోనూ ఒకదాన్ని ఇంకో కోటి చేస్తే మిగిలే తునకలో సుమారు ఆరో వంతు. హిగ్స్ బోసాన్ అనే కణానికి సిద్ధాంతం కట్టిన ఆయుష్షు అంతే.

ఇంత అల్పాయుష్షు కణం కోసం 2012 జూలై 4న ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది. మనకది అల్లూరి సీతారామరాజు జయంతి. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో ఉదయం తొమ్మిది, ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. ఆడిటోరియంలో చోటు దొరకదని కుర్ర శాస్త్రవేత్తలు ముందు రాత్రే తలుపుల దగ్గర పడుకున్నారు. ఆ కణాన్ని విడివిడిగా వెతుకుతున్న సీఎంఎస్ బృందం తరఫున జో ఇంకాండెలా, అట్లాస్ బృందం తరఫున ఫాబియోలా జియానొట్టి తమ తమ లెక్కలు చూపించారు. ఇలాంటి కణం ఒకటి ఉండాలని 1964లోనే రాసిన పీటర్ హిగ్స్‌కు అప్పటికి 83 ఏళ్లు. ఆ హాల్లోనే కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. నలభై ఎనిమిదేళ్ల ఎదురుచూపు మరి.

మన దగ్గర మాత్రం ఆ ఎదురుచూపు కథ వెనక్కి పోయి, ఒక్క మాట ముందుకొచ్చింది: దైవకణం.

ఆ పేరు శాస్త్రవేత్తలు ఇష్టపడి పెట్టుకున్నది కాదు. నోబెల్ గ్రహీత లియాన్ లెడర్‌మన్ 1993లో రాసిన పుస్తకానికి అది శీర్షిక. ఎంత వెతికినా దొరకని ‘పాడు కణం’ అని తిట్టుగా పిలుద్దామనుకుంటే ప్రచురణకర్త ఒప్పుకోలేదని ఆయనే సరదాగా చెప్పుకున్నారు. హిగ్స్‌కు ఆ పేరు బొత్తిగా నచ్చేది కాదు. తెలుగులోకి వచ్చేసరికి అది దేవుడే దొరికినంత మాటైంది. భక్తులు మురిశారు, నాస్తికులు నొచ్చుకున్నారు. ఇద్దరికీ ఆ కణంతో సంబంధం లేదు. జనం ఉత్సాహాన్ని తప్పు పట్టాల్సిన పని లేదు. తమకు ఏ లాభమూ లేని ఒక సంగతి గురించి లక్షల మంది ఒక రోజంతా మాట్లాడుకోవడం గొప్ప విషయం. ఆ ఉత్సాహానికి పెట్టిన మేత మాత్రం నాసిరకం. ఏం దొరికిందో, దొరికిందని ఎలా తెలిసిందో చెప్పినవాళ్లు తక్కువ.

అంతకు నాలుగేళ్ల ముందు, ఈ కణాన్ని పట్టిన సెర్న్ యంత్రం గురించే ఇంకా ఘోరమైన మేత పెట్టారు. 2008 సెప్టెంబరు 10న 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లను మొదటిసారి తిప్పే రోజున భూమిని మింగే కృష్ణబిలం పుడుతుందని, యుగాంతమేనని మన దేశపు చానళ్లు రోజుల తరబడి ఊదరగొట్టాయి. మధ్యప్రదేశ్‌లో పదహారేళ్ల అమ్మాయి ఆ వార్తలు చూసి భయంతో ప్రాణం తీసుకుందని పత్రికల్లో వచ్చింది. ఏమీ జరగలేదు, కెమెరాలు పక్కకు తిరిగాయి. సరిగ్గా తొమ్మిది రోజులకు రెండు అయస్కాంతాల మధ్య కరెంటు అతుకు ఒకటి చెడి, హీలియం బయటికి చిమ్మి, యంత్రం ఏడాదికి పైగా మూలన పడింది. అసలు వార్త అది. వినడానికి అప్పటికి ఎవరూ లేరు.

హిగ్స్ బోసాన్ ‘అన్నిటికీ బరువు ఇచ్చే కణం’ అన్న మాట కూడా సగమే నిజం. ముక్తేశ్వరం పక్క తోటలో కిలో తూగే కొబ్బరికాయను చేతిలోకి తీసుకుంటే, అందులో ఆ కణం తాలూకు హిగ్స్ క్షేత్రం వాటా పది గ్రాముల చిల్లర. మిగతా బరువంతా ప్రోటాన్, న్యూట్రాన్లలో క్వార్కులను కట్టిపడేసే బలం తాలూకు శక్తి. అలాగని ఆ పది గ్రాములను తీసిపారేయలేం. ఎలక్ట్రాన్‌కు ఆ కాస్త ద్రవ్యరాశి లేకపోతే పరమాణువే నిలవదు, కొబ్బరికాయా ఉండదు. ఉన్నదున్నట్టు చెబితే వినేవాళ్లకు ఇది దైవకణం కంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది.

ఆ రోజు చూపించిన లెక్క కూడా మనవాళ్లకు అర్థంకానిది కాదు. కణం ఉంటే గ్రాఫులో ఒక ఉబ్బు కనబడాలి. కణమే లేకపోయినా, ఇతర కణాల సందడి మధ్య అలాంటి ఉబ్బు కాకతాళీయంగా కనబడే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. నాణెం ఎగరేస్తే వరసగా ఇరవై రెండు సార్లు బొమ్మే పడటం లాంటిది. ఆ అవకాశం అంత తక్కువకు చేరేవరకూ ‘దొరికింది’ అనకూడదన్నది వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. రెండు బృందాలూ విడివిడిగా లెక్కకడితే రెండింటికీ ప్రోటాన్ బరువుకు దాదాపు 133 రెట్ల దగ్గరే ఉబ్బు కనబడింది.

ఆ కట్టుబాటు ఎందుకో తెలియాలంటే 2011 సెప్టెంబరు చూడాలి. సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకు, 730 కిలోమీటర్ల దూరం, న్యూట్రినోలు అనే కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరినట్టు ఒపెరా బృందానికి కనబడింది. ఐన్‌స్టీన్ తప్పన్న వార్త ఊరూరా పాకింది. ఆ బృందమే తప్పు ఎక్కడుందో పట్టమని తోటివాళ్లను అడిగింది. నెలల తర్వాత దొరికిన ప్రధాన దోషం సరిగ్గా బిగించని ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్. ఐన్‌స్టీన్ తప్పన్న సంచలనం అందినంత దూరం ఈ వదులు కేబుల్ సంగతి అందలేదు.

దైవాన్నీ కణాన్నీ ఇలా ముడేసిన నేల మీదే స్వామి జ్ఞానానంద ఉండేవారని గుర్తు చేసినవాళ్లు కూడా కొద్దిమందే. కోనసీమ నుంచి వశిష్ఠ దాటి భీమవరం వైపు వెళితే గొరగనమూడి. అక్కడ 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, హిమాలయాల్లో సాధన చేసి, యూరప్ వెళ్లి భౌతికశాస్త్రంలో పడ్డ సన్యాసి ఆయన. ప్రాగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాల మీద డాక్టరేట్. లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర బీటా కిరణాల శక్తిని కొలిచే పని. తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో అణుభౌతిక శాఖను నిలబెట్టారు. 1947లో అచ్చయిన ఆయన ఆంగ్ల గ్రంథం దేని గురించో తెలుసా? గొట్టంలోంచి గాలిని దాదాపు పూర్తిగా తోడేయడం, మిగిలినదాన్ని కొలవడం. సెర్న్ యంత్రంలో ప్రోటాన్లు పరుగెత్తే గొట్టానికి కావలసింది అచ్చంగా అదే. కాషాయం కట్టిన మనిషి పంపులు, సీళ్లు, గేజీల గురించి పుస్తకం రాశాడు. ఆయనకు ఏ కణాన్నీ దైవకణమని పిలవాల్సిన అవసరం రాలేదు.

గౌతమి మీద వంతెన కోసం ఏళ్లుగా ఎదురుచూస్తూ పంటు మీద కోటిపల్లి రేవుకు దాటే మనిషి ‘ఈ కణంతో మాకేం ఒరిగింది?’ అంటే అది తెలివితక్కువ ప్రశ్న కాదు. హిగ్స్ బోసాన్‌తో ఏమీ ఒరగలేదు. సెర్న్‌లో వెబ్ పుట్టిందని చెప్పి ఆ ప్రశ్నను దాటవేయడం కంటే, ఒరగలేదని ఒప్పుకుని, ఆయనకు ఇంకో సంగతి చెప్పడం మేలు. పంటు మీద ఆయన చాపిన అరచేతిలోంచి సెకనుకు సుమారు ఒక మ్యువాన్ దూసుకుపోతోంది. ఆకాశం నుంచి కురిసే విశ్వకిరణాలు గాలిని ఢీకొంటే పుట్టే కణాలివి. వీటి తాకిడి తప్పించుకోవడానికే కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. ఆ పరిశోధన పత్రం మీద భౌతికశాస్త్రవేత్త పి.వి.రమణమూర్తి పేరు కూడా ఉంది.

మ్యువాన్ జాడ చూడటానికి జెనీవా పోనక్కర్లేదు. పరీక్షల ముందు పిల్లలు అయినవిల్లి సిద్ధివినాయకుడి దగ్గర పెన్నులు పెట్టి మొక్కుకుంటారు. అదే పెన్నుతో ‘బోసాన్’ అన్న మాట రాసే ఇంటర్ విద్యార్థికి, అది సత్యేంద్రనాథ్ బోస్ పేరు మీద వచ్చిందని చెప్పి, కాలేజీ ల్యాబ్‌లో ఒక గాజు పెట్టె చూపించవచ్చు. పైన ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ, అడుగున నల్లటి రేకు, దాని కింద డ్రై ఐస్. లైట్లు ఆర్పి, పక్కనుంచి టార్చి వేసి కాసేపు ఓపిక పట్టాలి. చీకట్లో దారప్పోగు లాంటి తెల్లటి గీత ఒకటి గీసినట్టు కనబడి, చూస్తుండగానే చెదిరిపోతుంది.