వారానికి ఒక్క కొండ చాలు

దసరా సెలవులు దగ్గరపడితే చాలు, బెంగళూరులోని తెలుగు ఇళ్లలో ఒక ప్రయాణానికి లెక్కలు మొదలవుతాయి. కడప నుంచో గుంటూరు నుంచో పెద్దవాళ్లు వస్తారు. పిల్లలకు బడి ఉండదు. ఆఫీసులో బతిమాలో బామాలో వారం రోజులు సెలవు సంపాదిస్తారు. ఇక ఫోన్‌లో మ్యాపు తెరిచి చుక్కలు కలపడమే తరువాయి. మొదటి రాత్రి మడికేరి, రెండోది వయనాడు, తర్వాత రెండు రాత్రులు ఊటీ, అటునుంచి కొడైకెనాల్, వస్తూ వస్తూ దారిలో ఏర్కాడు. ఏడు రోజుల్లో ఐదు కొండలు! వినడానికి మంచి బేరంలాగే ఉంటుంది. కానీ ఈ బేరంలో ఇంటిల్లిపాదీ నష్టపోతారు, ఆ కొండలు అంతకంటే ఎక్కువ నష్టపోతాయి. వారం దొరికినవాళ్లు ఒకే కొండకు వెళ్లాలని, ఒకే ఇంట్లో దిగి ఏడు రోజులూ అక్కడే ఉండాలని నా వాదన.

ముందు దారి లెక్క చూద్దాం. 2023 మార్చిలో మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభమయ్యాక 118 కిలోమీటర్లు గంటన్నరలో దాటేస్తున్నాం. మనల్ని తప్పుదారి పట్టిస్తున్నది ఈ వేగమే. మైసూరు దాకా వచ్చిన వేగంతోనే మిగతా దారినీ లెక్కేసుకుని పట్టికలో ఊళ్లు చేర్చుకుంటూ పోతాం. ఘాట్ రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్లు సాగితే గొప్ప. మసినగుడి నుంచి కల్లట్టి మీదుగా ఊటీ ఎక్కాలంటే 36 హెయిర్‌పిన్ మలుపులు. ఊటీ నుంచి కొడైకెనాల్ మ్యాపులో జానెడు దూరమే, కానీ ఒక కొండ పూర్తిగా దిగి, ఎండలో మైదానం దాటి, మరో కొండ మొదటి నుంచీ ఎక్కాలి. దాదాపు 250 కిలోమీటర్లు, అంటే ఒక పగలంతా పోయినట్టే. బండీపుర అడవి గుండా వెళ్లే దారుల్లో 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపేస్తున్నారు. ఎక్కడో టీ దగ్గర అరగంట ఆలస్యమైతే చెక్‌పోస్టు దగ్గర గేటు పడిపోతుందన్న కంగారు ఆ రోజంతా వెంటాడుతుంది. ఇవన్నీ కలిపితే ఐదు కొండల చుట్టు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. దానికి సామాను సర్దుడు అదనం. పదకొండుకల్లా గది ఖాళీ చేయాలి, కొత్త ఊళ్లో గది మధ్యాహ్నం దాటాక గానీ చేతికి రాదు. ఊరు మారిన ప్రతిసారీ ఒక పూట ఇలా ఆవిరవుతుంది. నాలుగుసార్లు మారితే ఏడు రోజుల సెలవులో రెండు రోజులు బ్యాగుల జిప్పులకే సరి.

ఈ భారం అందరి మీదా సమానంగా పడదు. ముందు సీట్లో కూర్చుని ఫోన్‌లో దారి చూసే మనిషికి ప్రయాణం బాగానే ఉంటుంది. మూడో వరసలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న పిల్లవాడికీ, నిమ్మకాయ వాసన చూస్తూ, ఒళ్లో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని, ఇంకెన్ని మలుపులు నాయనా అని అడిగే పెద్దావిడకూ అదొక శిక్ష. వాంతుల మాత్ర వేసుకుంటే మత్తు, వేసుకోకపోతే కడుపులో తిప్పుడు. బీపీ మాత్రలు వేళకు వేసుకోవాల్సినవాళ్లకు, పావుగంటకోసారి బాత్‌రూమ్‌కు ఆగాల్సినవాళ్లకు ఘాట్ రోడ్డు ఎలా ఉంటుందో పట్టికలు వేసేవాళ్లు ఆలోచించరు. నాలుగోరోజుకి ఎవరూ అద్దంలోంచి బయటికి చూడరు. కొండ చూడటానికి బయల్దేరి కొండ పక్కన నిద్రపోతూ తిరిగొస్తారు.

ఇక కొండల సంగతి. నీలగిరులకు సీజన్‌లో రోజుకు దాదాపు 20 వేల వాహనాలు వస్తున్నాయన్న లెక్క మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఊటీ పట్టణ జనాభా 90 వేలు కూడా లేదు. అంటే నలుగురైదుగురికి ఒక కొత్త బండి చొప్పున ఊరి మీద పడుతోంది. దాంతో హైకోర్టు 2024 మే 7 నుంచి ఊటీకీ, కొడైకెనాల్‌కూ ఈ-పాస్ తప్పనిసరి చేయించింది. ఆ కొండలు ఎన్ని బండ్లను మోయగలవో తేల్చే పని ఐఐటీ మద్రాసుకూ, మన బెంగళూరు ఐఐఎంకూ అప్పగించింది. 2025 ఏప్రిల్ 1 నుంచి వేసవి సీజన్‌కు పరిమితి కూడా వచ్చింది: నీలగిరులకు మామూలు రోజుల్లో 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000, కొడైకెనాల్‌కు 4,000, 6,000. కర్ణాటకలోనూ ఇదే బెడద. 2024 జనవరిలో కుమారపర్వతం మీదికి ఒకే వారాంతంలో జనం తోసుకువచ్చాక అటవీ శాఖ ఆన్‌లైన్ బుకింగ్ లేని ట్రెక్కింగులను కొంతకాలం ఆపేయాల్సి వచ్చింది. ఈ రద్దీలో ఎక్కువ భాగం వచ్చినవాళ్ల సంఖ్య వల్ల కాదు, వాళ్ల తిరుగుడు వల్ల పుడుతోందని నేననుకుంటాను. ఒక కుటుంబం ఐదు కొండలు తిరిగితే ఐదు ఊళ్ల లెక్కలో ఐదు బండ్లు. అదే కుటుంబం ఒక్కచోట ఉండి, బండిని ఇంటి ముందు ఆపేస్తే ఒక్కటే బండి, అదీ రెండు రోజులే రోడ్డు మీద.

ఆ ఒక్క కొండ ఏది కావాలన్నది ఎవరి ఇష్టం వారిది. నన్నడిగితే బెంగళూరు వాళ్లకు మొదట కొడగు పేరే చెబుతాను. మన కుళాయిలో వచ్చే కావేరి నీళ్లు పుట్టేది ఆ కొండల్లోనే. తొరెకాడనహళ్లి నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరం, అర కిలోమీటరు ఎత్తు పంపు చేస్తే గానీ అవి ఈ నగరానికి చేరవు. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల వెంట పరుగులు తీసినప్పుడు, ఆ అక్టోబరులో రోజుకు 77.5 కోట్ల లీటర్ల కావేరి ఐదో దశ ప్రారంభమైనప్పుడు ఊరంతా మాట్లాడుకున్నది ఈ నీటి గురించే. ఆ వాన పడే చోటు, ఆ వాగులు కూడే చోటు పిల్లలు ఒక్కసారైనా నింపాదిగా చూడాలి. భాగమండలలో కావేరి, కన్నికె కలిసేచోట నిలబడి, అక్కడి నుంచి తలకావేరికి వెళ్లి వస్తే ఒక రోజు. కుశాలనగరం దాటగానే బైలకుప్పెలో 1961 నుంచి ఉన్న టిబెటన్ల కాలనీ, అక్కడి బంగారు బుద్ధులున్న నామ్‌డ్రోలింగ్ మఠం, ఇంకో రోజు. మిగతా ఐదు రోజులకు ఏ పట్టికా వద్దు.

ఏ పట్టికా లేకపోతే పిల్లలకు విసుగు రాదా అంటారు. వస్తుంది, మొదటి రెండు రోజులు. ఆ విసుగును భరించే ఓపిక పెద్దవాళ్లకే ఉండటం లేదు. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకది, అందులో పెద్ద వాటా కొడగుది. క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో వెళితే కాఫీ పండు కోసి కళ్లంలో ఎండబోసే కాలం. వచ్చినరోజు ఎర్రగా నిగనిగలాడే పండు రోజుకింత ముడుచుకుంటూ, వెళ్లేనాటికి నల్లబడి గట్టిపడుతుంది. సాయంత్రానికి కుప్ప చేసి కప్పడం, పొద్దున్నే మళ్లీ పరచడం చూస్తే, పొద్దున ఇంట్లో ఫిల్టర్ నుంచి దిగే డికాక్షన్ వెనక ఎంత పనుందో పదేళ్ల పిల్లకు పాఠం చెప్పకుండానే తెలుస్తుంది. సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు, తోటలోకి ఏనుగులు వస్తాయి కాబట్టి చీకటి పడ్డాక గేటు దాటొద్దన్న ఇంటివాళ్ల హెచ్చరిక, వంటింట్లో అక్కి ఒట్టి కాలే వాసన, పంది కూరలో పోసే నల్లటి కాచంపులి, ఇవేవీ ఒక్క రాత్రి మజిలీలో పట్టుబడవు. శాకాహారులకు కడంబుట్టు, నూల్‌పుట్టు ఉన్నాయి. ఆవకాయ సీసా పెద్దవాళ్లు ఎలాగూ తెస్తారు, దాని గురించి దిగులక్కర్లేదు.

దీనికి వచ్చే అసలైన అభ్యంతరం వేరు. అమ్మానాన్నకు మళ్లీ ఈ అవకాశం వస్తుందో రాదో, ఓపిక ఉన్నప్పుడే నాలుగూ చూపించేద్దాం అంటారు. ఇందులో ప్రేమ ఉంది కాబట్టి కొట్టిపారేయలేం. కానీ ఓపిక తక్కువైన మనిషికి తక్కువ ప్రయాణమే మేలు కదా. చూడటం అంటే వ్యూ పాయింట్ దగ్గర దిగి, పొగమంచులో ఒక ఫోటో తీసుకుని, పక్క బండివాడు హారన్ కొడుతుంటే మళ్లీ ఎక్కడమే అయితే ఐదు ఊళ్లయినా యాభై ఊళ్లయినా ఒకటే. పైగా విజయవాడ వాళ్లకు లేని వెసులుబాటు బెంగళూరు వాళ్లకుంది. చిక్కమగళూరు, మడికేరి, ఊటీ అన్నీ ఒక పూట ప్రయాణంలోనే ఉన్నాయి. ఈ ఏడు కొడగు, వచ్చే ఏడు కూనూరు అనుకోవచ్చు. ఒక్క రాత్రి చల్లగాలి చాలనుకునే రోజున మదనపల్లె పక్కన హార్స్‌లీ హిల్స్ ఉండనే ఉంది. దానికి వారం సెలవు ఖర్చు చేయనక్కర్లేదు.

ఒకేచోట వారం ఉంటే ఖర్చెక్కువ అన్న భయమూ ఉంది. రాత్రుల సంఖ్య రెండు పద్ధతుల్లోనూ ఒకటే కదా. తగ్గేదల్లా పెట్రోలు, టోలు, డ్రైవర్ బత్తా, దారిలో హోటళ్ల బిల్లు. వారం ఉంటామంటే హోంస్టే వాళ్లు బేరానికి దిగొస్తారు, ముఖ్యంగా సోమ మంగళవారాలు కలిస్తే. అసలు సొంత బండి లేకుండా కూడా వెళ్లొచ్చు. కొడగులో రైలు మార్గం లేదు గానీ మైసూరు నుంచి బస్సులున్నాయి. నీలగిరుల్లో ప్రభుత్వ బస్సుకూ రైలుకూ ఈ-పాస్ గొడవ లేదు. మెట్టుపాళయం నుంచి ఊటీకి వెళ్లే కొండ రైలు 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు తీసుకుంటుంది. కల్లారు నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ల పట్టీ ఉంటుంది, ఇంజను కింది పళ్లచక్రం దాన్ని పట్టుకుని పాకుతుంది. పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎత్తు చొప్పున ఎక్కే దారి మరి. 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ రైలు టికెట్టు కోసం మనవాళ్లు ఎంతో ముందు నుంచి ఎగబడతారు. అంత నెమ్మదిని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు మిగతా ఆరు రోజులు ఎందుకు పరిగెత్తాలో నాకు బోధపడదు.

ఎక్కువ రోజులు ఉంటే ఆ ఊరి నీళ్లు, ఆ ఊరి చెత్తకుండీ కూడా మనమే వాడతాం కదా, రిసార్టుల కోసం కొండలు ఇంకా తవ్వరా అన్న ప్రశ్నకు సులువైన జవాబు లేదు. 2018 ఆగస్టులో కొడగులో కొండచరియలు విరిగిపడ్డాయి. 2020లో తలకావేరి దగ్గరే బ్రహ్మగిరి జారి అర్చకుడి ఇంటిని మింగింది. 2024 జులై 30న వయనాడులో ముండక్కై, చూరల్‌మల ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. కుండపోత వానతో పాటు ఏటవాలు నేలను మనుషులు మార్చిన తీరు మీద కూడా ఈ ప్రమాదాల తర్వాత చాలా చర్చ జరిగింది. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వానకొండ అందంగా ఉంటుందని ఎవరెంత చెప్పినా, పిల్లల్నీ ముసలివాళ్లనీ తీసుకుని వెళ్లకపోవడమే మంచిది. కొండ అంచును గోడలా కోసి కట్టిన అద్దాల గది కంటే తోట మధ్య పాత పెంకుటింటిని ఎంచుకోవాలి. నీలగిరుల్లో చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, ఇంటి నుంచి స్టీలు సీసాలు పట్టుకెళ్లాలి. ఇంత చేసినా మన వల్ల భారం సున్నా అయిపోదు. కానీ ఒకచోట వారం ఉన్న కుటుంబం పాలు, కూరగాయలు, మిరియాలు, తేనె అక్కడే కొంటుంది, ఊరి డాక్టరుకు ఫీజు కడుతుంది, ఊరి జీపు అద్దెకు తీసుకుంటుంది. పొద్దున వచ్చి సాయంత్రం దిగిపోయే బండి మిగిల్చేది ఎక్కువగా పొగ, చిప్స్ కవర్లు.

బండ్లకు పరిమితి పెట్టగానే నీలగిరుల వ్యాపారులు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. వాళ్ల కడుపుమంట అర్థం చేసుకోదగినదే. సీజన్‌లో రెండు నెలల రాబడితో ఏడాది గడవాలి. అయితే గేటు దగ్గర బండ్లు మాత్రమే లెక్కపెట్టే పద్ధతిలో ఒక లోపముంది. రెండు గంటలు చూసి పోయే కారూ, ఏడు రాత్రులు ఉండే కారూ అక్కడ ఒకటే అంకె. మూడు రాత్రులు, అంతకుమించి ఉండేవాళ్లకు పాస్ ముందుగా ఇచ్చి, ఒక్క పూటకు వచ్చేవాళ్లను బస్సులకు మళ్లిస్తే హోటళ్ల గదులూ నిండుతాయి, ఘాట్ రోడ్డూ ఊపిరి పీల్చుకుంటుంది. ఎక్కడ దిగుతారు, ఎన్ని రోజులుంటారు అని ఈ-పాస్ దరఖాస్తులో ఇప్పటికే అడుగుతున్నారు. ఆ గడిలో రాసిన అంకెను బట్టి పాస్ ఇచ్చే క్రమం మార్చడానికి కొత్త చట్టమేమీ అవసరం ఉండదనుకుంటాను.